ఆరుగురితో ఆరంభము

“మనము కొద్దిమందిమి” అను మాట మన ప్రాంతపు తెలుగు ఇండ్లలో తరచుగా వినబడుచుండును. బడిలో పిల్లలు తగ్గినప్పుడు ఆ మాటయే కారణముగా చెప్పబడును. పిల్లవానిని తెలుగు తరగతినుండి మాన్పించునప్పుడును ఆ మాటయే సమాధానమగును. పరీక్షలో మార్కులు తగ్గిన విద్యార్థియు, ఆటల పోటీకి పేరు పంపని జట్టును, గ్రంథాలయమునకు పుస్తకములు తెప్పింపని సంఘమును దానినే ఆశ్రయించుచుందురు. బరంపురమునందైనను, బళ్ళారియందైనను, హోసూరునందైనను, షోలాపురమునందైనను తెలుగువారి మాట యిదియే. ఇందు నిజము లేదని మేము అనము. సంఖ్యలో మనము కొద్దిమందిమే. అయితే కొద్దిమంది యగుట వేరు, కొద్దిపాటివారగుట వేరు. ఈ రెంటికిని గల భేదమును విచారించుటకై ఈ సంచికలో ఒక వైమానిక సేనాధిపతి జీవితమును మా పాఠకుల ముందుంచుచున్నాము.

ఆయన పేరు సుబ్రతో ముఖర్జీ. భారత వైమానిక దళమునకు అధిపతియైన తొలి భారతీయుడు ఆయనయే. ఆయన తెలుగువాడు కాడు, వంగదేశీయుడు. 1911వ సంవత్సరము మార్చి 5వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. మాతామహుడైన ప్రసన్నకుమార రాయ్ గారు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రధానాచార్యులైన తొలి భారతీయులు. కావున ముఖర్జీ పేదరికమునుండి పైకి వచ్చినవాడని వ్రాసి మా పాఠకులను మభ్యపెట్టుట మాకిష్టము లేదు. చదువును, పలుకుబడియు గల యింట పుట్టినవాడు. అయినను ఇంటివారి పలుకుబడి మనిషిని ఓడనెక్కించి సీమకు పంపగలదు గాని, విమానమును ఆకాశమున నిలుపజాలదు. అక్కడ చేయియు, కన్నును, బుద్ధియు తనవే కావలెను.

ఆ కాలమున భారతీయులకు విమానములతో పని యేమని అడుగువారే ఎక్కువ. భారతీయులు యంత్రమును నడుపలేరనియు, నడిపినను బాగుచేసికొనలేరనియు పలువురు ఆంగ్లాధికారులు తలచుచుండిరి. సైన్యమునందలి అధికార పదవులను భారతీయులకు ఏ విధముగా ఇయ్యవలెనో విచారించుటకు 1925వ సంవత్సరమున ప్రభుత్వము స్కీన్ కమిటీని నియమించెను. మోతీలాల్ నెహ్రూ, జిన్నా మొదలగువారు అందు సభ్యులైరి. భారతీయ యువకులను ఇంగ్లండులోని క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో చేర్చుకొనవలెనని ఆ కమిటీ సిఫారసు చేసెను. దాని ఫలితముగా 1930వ సంవత్సరమున ఆ కళాశాలకు వెళ్లిన ఆరుగురు భారతీయ యువకులలో ముఖర్జీ ఒకడు.

1932వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భారత వైమానిక దళము చట్టరీత్యా ఏర్పడెను. నేటికిని మనము వైమానిక దళ దినోత్సవమును ఆ తేదీననే జరుపుకొనుచున్నాము. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన కరాచీ సమీపమునగల డ్రిగ్ రోడ్డులో దాని మొదటి స్క్వాడ్రన్ ప్రారంభమయ్యెను. ఆ నాటి బలమును లెక్కించి చూడుడు. భారతీయాధికారులు ఆరుగురు. ‘హవాయి సిపాయీలు’ అని పిలువబడిన పనివారు పందొమ్మండుగురు. విమానములు నాలుగు. ఆ నాలుగును వాపిటీ అను జాతికి చెందిన రెండు రెక్కల దొంతర విమానములు. కూర్చుండు చోట పైకప్పైనను లేనివి. ఆ ఆరుగురిలో టాండన్ అను నాతడు పొట్టివాడగుటచే విమానము నడుపుటకు వీలుపడక సామగ్రి శాఖకు మారవలసి వచ్చెను. నడుపువారు ఐదుగురే మిగిలిరి. వారిలో ఇద్దరు కొద్దికాలములోనే ప్రమాదమున ప్రాణములు కోల్పోయిరి. ఒక దేశపు వైమానిక దళ మంతయు మన బడిలో ఒక తరగతి గదిలో పట్టునంతటిది! “ఇంతమందితో ఏమగును?” అని ఆనాడు ఎవరైన అడిగియుండినచో, ఆ ప్రశ్న అన్యాయమైనదని అనుటకు వీలులేదు. అయినను ఆ ప్రశ్నకు వారు మాటలతో సమాధానము చెప్పలేదు.

ఇచ్చట మరియొకని పేరు చెప్పవలెను. సేనాధిపతుల కథలు చెప్పునప్పుడు పనివారిని మరచుట లోకమున అలవాటైపోయినది. ఆ తొలి హవాయి సిపాయీలలో హర్జీందర్ సింగ్ అను పంజాబీ యువకుడుండెను. లాహోరులోని మెక్లాగన్ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. ఆ చదువునకు తగిన ఉద్యోగము వేరొకచోట దొరకకపోదు. అయినను భారతీయులు విమానములను బాగుచేసికొనగలరని నిరూపింపవలెనను పట్టుదలతో సిపాయిగానే చేరెను. తరువాతి కాలమున ఆయన ఎయిర్ వైస్ మార్షల్ పదవికి ఎదిగి, వైమానిక దళపు మరమ్మతుల విభాగమునకంతటికిని అధిపతి అయ్యెను. కాన్పూరులో ఆవ్రో విమానములను కూర్చు పనికి నాయకత్వము వహించెను. అచ్చట కూర్చిన మొదటి ఆవ్రో 1961వ సంవత్సరమున ఆకాశమున కెగిరెను. పైన ఎగురువాడు పదిమంది కండ్లకును కనబడును. క్రింద మరలు బిగించువాడు కనబడడు. కాని మర వదులైనచో ఎగురువాడు మిగులడు. మన బాలురలో అందరును అధికారులు కానక్కరలేదు. పనియందు హర్జీందర్ సింగ్‌కుండిన నిష్ఠ ఉన్నచో చాలును.

ముఖర్జీ ఉద్యోగ జీవితము మెట్టుమెట్టుగా సాగెను. 1937వ సంవత్సరమున వాయవ్య సరిహద్దునందలి మీరన్‌షా కేంద్రమునుండి ఆ దళము మొదటిసారిగా సైనిక చర్యలలో పాల్గొనెను. కొండలపైని గాలులును, ఇరుకైన కనుమలును, క్రిందినుండి తుపాకి గుండ్లును, పైని పాతబడిన విమానములును! ఆ పాఠశాలలో నేర్చిన పాఠము ఊరకపోలేదు. 1939వ సంవత్సరము మార్చిలో ముఖర్జీ ఒకటవ స్క్వాడ్రన్‌కు అధిపతి అయ్యెను. ఒక స్క్వాడ్రన్‌ను నడిపిన తొలి భారతీయుడు ఆయనయే. 1943వ సంవత్సరమున కోహాట్ వైమానిక కేంద్రమునకు అధిపతి అయ్యెను. ఒక కేంద్రమును ఏలిన తొలి భారతీయుడును ఆయనయే. ప్రపంచయుద్ధము ప్రారంభమగు నాటికి ఒక్క స్క్వాడ్రన్‌గా నుండిన దళము, యుద్ధము ముగియునప్పటికి తొమ్మిది స్క్వాడ్రన్లుగా పెరిగెను. బర్మా రణరంగమున అది పేరు గడించెను.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచుకొన్న ఘట్టము. 1947వ సంవత్సరమున దేశము స్వతంత్రమయ్యెను, విభజింపబడెను. వైమానిక దళము పుట్టిన కరాచీయు, పెరిగిన పెషావరును, కోహాటును పాకిస్తానునకు పోయెను. అధికారులను, విమానములను, పనిముట్లను పంచుకొనవలసి వచ్చెను. ఆనాటికి ముఖర్జీకి ముప్పదియారేండ్లు. ఉద్యోగమున చేరి పదునైదేండ్లు. భారతీయాధికారులలో ఆయనయే ప్రథమగణ్యుడు. పదవి ఆయనకే రావలెనని కోరినవారు ఉండియుందురు. పదాతి సైన్యమునకు 1949వ సంవత్సరము జనవరిలోనే జనరల్ కరియప్ప అధిపతి అయ్యెను. అయినను వైమానిక దళమునకు ఎల్మ్‌హర్స్ట్, ఐవ్‌లా చాప్మన్, గిబ్స్ అను ముగ్గురు ఆంగ్లాధికారులు వరుసగా 1954వ సంవత్సరము వరకును అధిపతులుగా నుండిరి. ఆ కాలమున ముఖర్జీ వారికి సహాయాధికారిగా పనిచేసెను. అంతియే గాక లండనులోని ఇంపీరియల్ డిఫెన్స్ కళాశాలకు విద్యార్థిగా వెళ్లి చదువుకొని వచ్చెను. నలువది యేండ్లు దాటిన తరువాత, అంతటి హోదాలో నున్నవాడు, మరల బల్లపై కూర్చుండుటకు సంకోచింపలేదు.

స్వతంత్ర దేశమునకు ఏడు సంవత్సరములపాటు విదేశీయుడు సేనాధిపతిగా నుండుట సిగ్గుచేటు కాదాయని కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్న తీసివేయదగినది కాదు. స్వాతంత్ర్యమునకై చెరసాలలకు వెళ్లినవారి మనస్సులకు అది నొప్పి కలిగించియే యుండును. కాని వైమానిక దళము పదాతి సైన్యమువలె తరతరములదికాదు. మూడు దళములలోను పిన్నవయస్సుది. విమానములు కొనుట, దూరప్రదేశములందు దళములను నడుపుట, మూడు సేనలకును సమన్వయము కుదుర్చుట, పార్లమెంటునకు జవాబు చెప్పు ప్రభుత్వమునకు సలహా ఇచ్చుట యను పనులు కొండల నడుమ స్క్వాడ్రన్ నడిపినంత మాత్రమున రావు. కావున మా అభిప్రాయమిది: ఆ ఏడేండ్లును ఊరక వేచియుండినచో సిగ్గుచేటే. నేర్చుకొనుటకు వాడుకొన్నందున అవి సార్థకమయ్యెను. రెండవ స్థానమున నున్నవానికి రెండు దారులుండును. ఒకటి, మొదటి స్థానము దొరకలేదని గొణుగుట. రెండవది, మొదటి స్థానము దొరకిన నాటికి దానికి తగియుండుట. ముఖర్జీ రెండవ దారిని పట్టెను.

1954వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆయన వైమానిక దళాధిపతి అయ్యెను. మొదటి స్క్వాడ్రన్ పుట్టిన నాటికి అది సరిగా ఇరువదియొక్క సంవత్సరములు. నాలుగు వాపిటీలతో బయలుదేరిన దళమునకు ఆయన హయాములో మిస్టేర్, హంటర్, నాట్ అను జెట్ యుద్ధ విమానములును, కాన్‌బెరా అను జెట్ బాంబరులును వచ్చి చేరెను. 1960వ సంవత్సరము నవంబరు 8వ తేదీన ఆయన టోక్యో నగరమున హఠాత్తుగా మరణించెను. భోజనము చేయుచుండగా ఆహారము శ్వాసనాళమున అడ్డుపడెను. అప్పటికి ఆయనకు నలువదితొమ్మిదేండ్లే. తుపాకి గుండ్ల నడుమ ఎగిరినవాడు ఈ విధముగా పోవుట విధివైపరీత్యము గాక మరేమి?

అయితే ఆయన పనిని కొలువవలసినది ఆయన మరణమునకు తరువాతనే. అధిపతి హఠాత్తుగా పోయినను దళము తల లేనిదై నిలువలేదు. ఆస్పీ ఇంజనీర్ ఆ బాధ్యతను స్వీకరించెను. ఆయన తరువాత 1964వ సంవత్సరమున అర్జన్ సింగ్ అధిపతి అయ్యెను. వీరిరువురును ఒకటవ స్క్వాడ్రన్‌లో పని నేర్చినవారే. 1965వ సంవత్సరపు యుద్ధమున మన వైమానికులు నడిపిన నాట్, హంటర్, మిస్టేర్, కాన్‌బెరా విమానములు ముఖర్జీ కాలమున వచ్చినవియే. తాను పోయిన పిమ్మట పని నిలిచిపోవునట్లు చేయువాడు ఎంత సమర్థుడైనను సగము సమర్థుడే. తన చోటికి మరియొకడు సిద్ధముగా నుండునట్లు చేయువాడే పూర్తి సమర్థుడు.

ఇప్పుడు మన సంగతికి వత్తము. మన ప్రాంతపు తెలుగు బడులకు గల నిజమైన జబ్బు సంఖ్య తగ్గుట కాదని మా అభిప్రాయము. వారసులు లేకపోవుటయే ఆ జబ్బు. తెలుగు చెప్పు ఉపాధ్యాయుడు పదవీ విరమణము చేయును. ఆ స్థానము నెలలకొలదిగా, ఒక్కొక్కచోట సంవత్సరములకొలదిగా ఖాళీగా నుండును. ఆ ఖాళీని చూచి తలిదండ్రులు పిల్లలను మాన్పింతురు. పిల్లలు తగ్గిరని చెప్పి ఆ స్థానమునే తీసివేయుదురు. అపరాధము ప్రభుత్వముదని మనము అందుము. కొంతవరకు నిజమే, అడుగవలసినది గట్టిగా అడుగవలసినదే. కాని ఆ స్థానమునకు దరఖాస్తు పెట్టుటకు తగిన శిక్షణ పొందిన మన పిల్లలెందరు? ఈ బడిలో చదివి పోయిన వారిలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఇక్కడి రాష్ట్రభాషయు నేర్చి, తెలుగు చెప్పుటకు తిరిగి వచ్చువారెందరు? డ్రిగ్ రోడ్డులోని ఆరుగురు తమ తరువాతివారిని తయారుచేయక పోయినచో, నేడు మనకు చెప్పుకొనుటకు ఒక దళము కాక ఒక కథ మాత్రమే మిగిలియుండును.

తలిదండ్రులకు మరియొక భయము కలదు: “తెలుగులో చదివిన పిల్లవాడు ఇట్టి పెద్ద పదవులకు పోగలడా?” ఈ భయమును నవ్వి త్రోసిపుచ్చుట మా పద్ధతి కాదు. ముఖర్జీ చదువు ఇంగ్లీషులోనే సాగినది. ఆకాశమున విమానములు మాటలాడుకొను భాషయు నేటికిని ఇంగ్లీషే. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్షా పత్రములు ఇంగ్లీషు, హిందీ భాషలలో నుండును. అందు ఇంగ్లీషు జ్ఞానమును వేరుగా పరీక్షింతురు. ఇంగ్లీషు రానివానికి ఆ తలుపు తెరువబడదు. ఈ సత్యమును దాచి మాతృభాషను పొగడువారు మాతృభాషకే కీడు చేయుచున్నారు. కాని ఆ పరీక్షలో గణితమును, భౌతిక శాస్త్రమును కూడ అడుగుదురు. విమానపు రెక్క క్రింద గాలి ఒత్తిడి ఎందుకు హెచ్చునో, పైన ఎందుకు తగ్గునో ఇంటిలో మాటలాడు భాషలో ఒకసారి మనస్సునకు పట్టినచో, దానిని ఇంగ్లీషులో చెప్పుటకు మాటలు నేర్చిన చాలును. మనస్సునకే పట్టనిదానిని ఏ భాషలో బట్టీపట్టినను పరీక్ష ముగిసిన మరునాటికి నిలువదు. కావున మేము కోరునది ఇది: విషయమును తెలుగులో లోతుగా తెలిసికొనుడు, ఇంగ్లీషును భాషగా శ్రద్ధతో నేర్చుకొనుడు, మనము నివసించు రాష్ట్రపు భాషను పొరుగువారి ప్రేమతో నేర్చుకొనుడు. మూడును మోయలేని బరువని అనుకొనవలదు. మన సంతవీధిలో కూరలమ్ము అవ్వ మూడు భాషలలో బేరమాడుచున్నది గదా!

ముఖర్జీ శిక్షణకై సముద్రములు దాటి పోవలసి వచ్చెను. నేడు వైమానిక దళాధికారులు కాగోరువారు హైదరాబాదు సమీపమునగల దుండిగల్ అకాడమీకి పోవుదురు. ఏ భాషవాడైనను, ఏ రాష్ట్రమువాడైనను తెలుగు నేలపైననే ఎగురుట నేర్చుకొనుచున్నాడు. 2016వ సంవత్సరము జూన్ మాసమున ముగ్గురు యువతులు యుద్ధవిమాన చోదకులుగా తొలిసారి నియుక్తులైనదియు అచ్చటనే. కావున ఈ వ్యాసము బాలురకు మాత్రమే యని బాలికలు పుట మరల్పవలదు. “ఆడపిల్లకు ఇంత చదువెందుకు?” అని ఇంకను అనుచున్న ఇండ్లు మన వీధులలో కలవు. ఆ ఇండ్లవారు ముఖర్జీ గారి భార్య శ్రీమతి శారదా ముఖర్జీ జీవితమును చూడవలెను. మహారాష్ట్ర కుటుంబమున పుట్టి, వంగదేశీయుని పెండ్లాడి, భర్త మరణించిన తరువాత ప్రజాసేవలో ప్రవేశించి, 1977వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ గవర్నరుగాను, ఆ పిమ్మట గుజరాత్ గవర్నరుగాను పనిచేసిరి. ఒక భాషయందు పుట్టి, మరియొక భాషయందు మెట్టి, వేరొక భాషవారి నడుమ పదవి నిర్వహించిన ఆమెకు ఏ చోటను తాను పరాయిదాననను కొరత లేకపోయెను. మనకు మాత్రము ఎందుకుండవలెను?

కడపట ఒక చిన్న మాట. పాఠశాలల విద్యార్థులకు దేశవ్యాప్తముగా ఒక ఫుట్‌బాల్ పోటీ జరుగుచున్నది. దాని పేరు సుబ్రతో కప్. 1960వ సంవత్సరమున ప్రారంభమైన ఆ పోటీ ముఖర్జీ గారి ఆలోచన. వైమానిక దళమువారే దానిని నిర్వహించుచున్నారు. బాలికలకును అందు స్థానము కలదు. యుద్ధవిమానములను గూర్చి ఆలోచింపవలసిన సేనాధిపతి బడిపిల్లల బంతియాటను గూర్చి ఎందుకు ఆలోచించెను? మంచి దళము మైదానమునందే మొదలగునని ఆయనకు తెలియును గనుక. క్రింది మెట్లనుండి జిల్లాకును, జిల్లానుండి రాష్ట్రమునకును, రాష్ట్రమునుండి ఢిల్లీకిని పోవు ఆ పోటీలో చేరుటకు ఏ భాషలో చదువుచున్నావని ఎవరును అడుగరు. మైదానమున దిగుటకు కావలసినది పదునొకండుగురు. మన బడిలో పిల్లలు తగ్గిరన్నమాట నిజమే గాని, పదునొకండుగురు లేనంతగా తగ్గలేదు. ఈ సంవత్సరము మన జట్టు పేరును ఎవరు పంపుదురో చూతము.